ఎకరం ఎనభై ఆరు సెంట్ల డిక్రీ: తీర్పు నుంచి స్వాధీనం దాకా ఒక ఇ.పి. ఫైలు

భూమి స్వాధీనం కోరుతూ దావా తయారుచేసేటప్పుడు షెడ్యూలు (ఆస్తి వర్ణన) ఆమీనుకు (స్వాధీనం ఇప్పించే కోర్టు ఉద్యోగికి) అర్థమయ్యేలా రాయమని మా జూనియర్లకు తరచూ చెబుతుంటాను. పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక ఆ షెడ్యూలు పట్టుకుని పొలం గట్టు మీద నిలబడేది ఆయనే. హక్కు ఎవరిదో తేలితే జడ్జిగారి పని అయిపోతుంది. ఆమీనుకు మాత్రం ఆ భూమి ఏ రాయి దగ్గర మొదలై ఏ గట్టు దగ్గర ఆగుతుందో తెలియాలి. దీన్ని పట్టించుకోకుండా వేసిన దావా మూడు కోర్టుల్లో గెలిచినా అమలు దగ్గర చతికిలబడుతుంది.

ఇక్కడ రాస్తున్నది అలాంటి కేసే. ఒక డెల్టా మండలానిది. కక్షిదారులను గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వడం లేదు. ఎక్కడ ఎందుకు ఆగింది, ఏం చేస్తే కదిలింది అన్నదే నాకు ముఖ్యం.

ఈ దేశంలో దావా వేసినవాడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అన్నది. 2021 ఏప్రిల్ 22న రాహుల్ ఎస్. షా కేసులో సుప్రీంకోర్టు ఇ.పి. (డిక్రీ అమలు కోరే ఎగ్జిక్యూషన్ పిటిషను) వేసిన ఆరు నెలల్లో తేల్చాలనీ, గడువు దాటితే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలనీ ఆదేశించింది. 2025 మార్చిలో పెరియమ్మాళ్ కేసులో అదే మాటను గట్టిగా మళ్లీ చెప్పి, పెండింగ్ ఇ.పి.ల లెక్క తీయమని హైకోర్టులన్నిటినీ అడిగింది. ఆ ఏడాది అక్టోబరుకు అందిన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 8.82 లక్షల ఇ.పి.లు తేలకుండా ఉన్నాయి. ఆ ఆరు నెలల్లో 3.38 లక్షలు తేలిన తరువాత మిగిలిన సంఖ్య అది. మన కేసు ఆ లక్షల్లో ఒకటి.

ఫైలు చేతికొచ్చేసరికి

డిక్రీదారు డెబ్బై దాటిన వితంతువు. ఎకరం ఎనభై ఆరు సెంట్ల మాగాణిని భర్త రిజిస్టరు దస్తావేజు మీద కొన్నారు. ఆయన ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉన్నన్నాళ్లూ పెదనాన్నగారి కొడుకు సాగు చూసి ఏటా ధాన్యం పంపేవాడు. భర్త పోయిన కొంతకాలానికి ధాన్యం రావడం ఆగింది. అడిగితే, దస్తావేజు పేరుకే ఆయనదనీ, పెట్టిన డబ్బు ఉమ్మడి కుటుంబానిదనీ జవాబు వచ్చింది.

హక్కు ప్రకటన, స్వాధీనం, ఫలసాయం (హక్కు లేకుండా అనుభవించిన కాలపు పంట విలువ) కోరుతూ ఆమె జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశారు. ఆరేళ్లకు డిక్రీ అయింది. ప్రతివాది వేసిన అప్పీలు మరో నాలుగేళ్లు నడిచి డిస్మిస్ అయింది. ఆయన హైకోర్టుకు సెకండ్ అప్పీలు తీసుకెళ్లారు. అప్పటిదాకా కేసు చూసిన వకీలుగారు వయసు మీద పడి ప్రాక్టీసు మానేయడంతో ఫైలు నా దగ్గరికి చేరింది. కట్ట విప్పి చూస్తే అందులో ఒక్క ఇ.పి. కూడా లేదు.

ఆమె కొడుకును అడిగితే, "అప్పీలు నడుస్తోంది కదండీ, ఆగాలన్నారు" అన్నాడు. ఈ నమ్మకం పల్లెల్లో చాలా లోతుగా ఉంది, కోర్టు వరండాల్లోనూ ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 ప్రకారం అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. స్టే ఉంటేనే ఆగుతుంది. మొదటి అప్పీలు నడిచిన నాలుగేళ్లూ స్టే లేదు. అంటే నాలుగు సార్వాలు, నాలుగు దాళ్వాలు అవతలివాళ్లు కోసుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఆపిన ఆర్డరు ఏదీ లేదు.

హైకోర్టులో మాత్రం స్టే ఇచ్చారు. ఆ స్టే కాపీని నెమ్మదిగా చదవడమే ఈ కేసులో మాకు దొరికిన మొదటి దారి. ఎనిమిది వారాల్లోగా డిక్రీ అయిన ఫలసాయంలో సగం, ఖర్చుల మొత్తం కింది కోర్టులో డిపాజిట్ చేయాలనీ, చేయకపోతే స్టే దానంతటదే రద్దవుతుందనీ అందులో షరతు ఉంది. ఎనిమిది వారాలు కాదు, రెండేళ్లు దాటిపోయాయి. కింది కోర్టు అకౌంట్స్ సెక్షన్లో వాకబు చేస్తే ఆ దావా నంబరు మీద పైసా జమ లేదు. డిపాజిట్ లేదని ఆఫీసు ఎండార్స్‌మెంటు తీసుకుని ఇ.పి.కి జతచేశాం.

స్టే గురించి ఇంకో మాట. 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పు తరువాత స్టేలన్నీ ఆరు నెలలకు రాలిపోతాయని చాలామంది లెక్క వేసుకున్నారు. 2024 ఫిబ్రవరి 29న రాజ్యాంగ ధర్మాసనం ఆ నియమాన్ని తోసిపుచ్చింది. కాబట్టి కాలం గడిచిందని స్టే పోయినట్టు కాదు. స్టే పోయిందని చెప్పాలంటే ఆర్డరులోని షరతు చూపించాలి, లేదా పై కోర్టుకు వెళ్లి ఎత్తివేయించుకోవాలి. మాకు షరతు దొరికింది.

నోటీసు, సెక్షన్ 47, సీఆర్పీ

డిక్రీ తేదీకి రెండేళ్లు దాటాక ఇ.పి. వేస్తే ఆర్డర్ 21 రూల్ 22 కింద జేడీఆర్‌కు (జడ్జిమెంట్ డెటర్, అంటే ఓడిన ప్రతివాదికి) ముందుగా నోటీసు వెళ్లాలి. రెండేళ్లలోపు వేసి ఉంటే ఈ మెట్టు ఉండేదే కాదు. నోటీసు తీసుకెళ్లిన ప్రతిసారీ ఇంటికి తాళం, మనిషి ఊళ్లో లేడు. చివరికి తలుపుకు అంటించి సర్వీసు అయిందనిపించాం.

హాజరైన వెంటనే కోడ్ సెక్షన్ 47 (డిక్రీ అమలులో తలెత్తే ప్రశ్నలను ఎగ్జిక్యూషన్ కోర్టే తేల్చాలనేది) కింద పిటిషను పడింది. తాను కౌలుదారుననీ, సివిల్ కోర్టు డిక్రీ తనను ఖాళీ చేయించజాలదనీ జేడీఆర్ వాదన. దావాలో ఆయన ఇచ్చిన రిటెన్ స్టేట్‌మెంటులో కౌలు అన్న మాటే లేదు, ఉమ్మడి యజమానినని ఉంది. ఆ పేరాను యథాతథంగా కౌంటర్లో దింపాం. దావాలో చెప్పాల్సిన వాదన అప్పుడు చెప్పకుండా, ఓడిపోయాక ఎగ్జిక్యూషన్ కోర్టులో కొత్తగా ఎత్తడం కుదరదని పిటిషను కొట్టేశారు.

దాని మీద సీఆర్పీ (సివిల్ రివిజన్ పిటిషను) వేశారు. స్టే రాలేదు. అయినా ప్రతి వాయిదాకూ "సీఆర్పీ పెండింగులో ఉంది, ఆర్డర్ల కోసం టైమ్ ఇవ్వండి" అనే మెమో వచ్చేది. ఇలాంటి మెమోకు మౌనంగా ఉంటే వాయిదా దొరికేస్తుంది. మేము ప్రతిసారీ రాహుల్ షా తీర్పు ఉటంకిస్తూ, వాయిదా ఇస్తే కారణం డాకెట్లో (కేసు రోజువారీ ఉత్తర్వుల షీటులో) నమోదు చేయమని మెమో వేశాం. జడ్జిగారు మా మీద విసుక్కోలేదు. కారణం రాయాల్సి వచ్చినప్పుడు, అవతలి పక్షాన్ని అఫిడవిట్ వేయమన్నారు. అఫిడవిట్ మీద ప్రమాణం చేసి అబద్ధం చెప్పడానికి మెమో రాసినంత తేలిగ్గా మనుషులు ముందుకు రారు. రెండు వాయిదాల్లో ఆ దారి మూసుకుపోయింది.

ఈలోగా జేడీఆర్ హైకోర్టులో స్టే పునరుద్ధరించమని మరో పిటిషను వేశారు. అక్కడ మేము ఆత్మారామ్ ప్రాపర్టీస్ తీర్పు చూపించాం. ఖాళీ చేయించే డిక్రీ మీద స్టే ఇచ్చేటప్పుడు, ఆ ఆస్తిని అనుభవిస్తున్నందుకు మార్కెట్ రేటుకు తగ్గ పరిహారం కట్టమని షరతు పెట్టే అధికారం అప్పీలు కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు 2005లో రిపోర్టయిన ఆ కేసులో చెప్పింది. ఊళ్లో నడుస్తున్న కౌలు రేటు ప్రకారం ఏటా కట్టడానికి సిద్ధమా అని కోర్టు అడిగేసరికి పిటిషను మీద ఆసక్తి తగ్గిపోయింది. స్టే అడగడానికి ఖర్చు ఉంటుందని తెలిసినప్పుడు ఎంతమంది నిజంగా అడుగుతారో అక్కడ కనబడుతుంది.

వెనక్కి వచ్చిన వారంటు

ఆర్డర్ 21 రూల్ 35 కింద డెలివరీ వారంటు ఇచ్చారు, బత్తా (ప్రాసెస్ ఖర్చు) కట్టాం, ఆమీను వెళ్లారు. సాయంత్రానికి తిరిగొచ్చి రాసిన రిపోర్టు: షెడ్యూలు ఆస్తిని నేల మీద గుర్తించలేకపోయాను.

ఆయన తప్పేమీ లేదు. మా షెడ్యూలు పాత దస్తావేజు నుంచి ఉన్నదున్నట్టు దింపినది. తూర్పు: ఫలానా వారి భూమి. ఆ ఫలానా ఆయన పోయి, వారసులు అమ్మేసి, ఇప్పుడక్కడ ముగ్గురు కొత్త యజమానులున్నారు. పడమర: దొంక. అది సగం పూడిపోయి పొలంలో కలిసిపోయింది. ఉత్తరం: పంట బోదె. బోదెను ఆయకట్టు పనుల్లో కొన్ని గజాలు పక్కకు తవ్వారు. దక్షిణం: గ్రామస్తుల భూములు. అయిదెకరాల పైచిలుకు సర్వే నంబరులో మా ఎకరం ఎనభై ఆరు సెంట్లు ఏ మూలనుందో చెప్పే ప్లాను దావాకు జతచేయలేదు. పైగా దావా నడిచిన కాలంలోనే ఆ నంబరు సబ్‌డివిజన్ అయింది. డిక్రీలో పాత నంబరు, అడంగల్లో కొత్త నంబర్లు.

స్థిరాస్తి దావాలో ఆస్తిని గుర్తుపట్టేందుకు చాలినంత వర్ణన ఇవ్వాలనీ, సర్వే నంబర్లు లేదా హద్దులు ఉంటే పేర్కొనాలనీ ఆర్డర్ 7 రూల్ 3 చెబుతోంది. చెప్పినదానికి అక్షరాలా లోబడి కూడా ఇలా పనికిరాని షెడ్యూలు రాయవచ్చు. దావా నడిచిన ఆరేళ్లలో ప్రతివాది హద్దుల గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. ఆయన గొడవంతా టైటిల్ మీదే. అందుకే ఎవరి కంటా పడలేదు. గుర్తింపు మీద వివాదం లేని దావాల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ.

అడ్వకేట్ కమిషనర్‌ను నియమించి, మండల సర్వేయరు సాయంతో కొలిపించమని ఇ.ఎ. (ఇ.పి.లో వేసే దరఖాస్తు) వేశాం. ఎగ్జిక్యూషన్ కోర్టు డిక్రీ వెనక్కి వెళ్లకూడదన్నది అవతలివాళ్ల అభ్యంతరం. వినడానికి బలంగా ఉంటుంది. కానీ డిక్రీని మార్చడం వేరు, దాని అర్థం తేల్చుకోవడం వేరు. అర్థం తేల్చడానికి ప్లీడింగ్స్, రికార్డు చూడటం ఎగ్జిక్యూషన్ కోర్టు బాధ్యత అని భవన్ వాజా కేసులో 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్థిరాస్తి డిక్రీలో ఆస్తి వర్ణన సరిగా లేకపోతే సెక్షన్ 152 కింద గానీ సెక్షన్ 47 కింద గానీ సరిచేయవచ్చని, అంతమాత్రాన గెలిచినవాడికి ఫలితం దక్కకుండా పోకూడదని ప్రతిభా సింగ్ కేసు స్పష్టం చేసింది. ఈ రెండిటి మీదే నిలబడ్డాం. ఇ.ఎ. అలో అయింది.

కొలత రోజున నేను నేర్చుకున్నదీ, ఇప్పుడు ప్రతి కేసులో పట్టుబట్టేదీ ఒకటుంది. సర్వేయరు వచ్చీరాగానే దగ్గర్లో ఉన్న గట్టు నుంచి గొలుసు వేయబోయారు. గట్టు ఏటా ట్రాక్టరు దున్నినప్పుడల్లా జరుగుతుంది. ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పటంలో) చూపిన పాత సర్వే రాళ్లలో కనీసం రెండు దొరికేదాకా కొలత మొదలుపెట్టవద్దని కమిషనర్‌ను అడిగాం. ఒకటి దొంక పక్కన తుమ్మ చెట్టు మొదట్లో మట్టిలో కూరుకుపోయి ఉంది. రెండోది పొరుగు సర్వే నంబరు మూల మీద, బోదె ఒడ్డున దొరికింది. రెంటి మధ్య దూరం ఎఫ్‌ఎంబీలోని కొలతతో సరిపోయాక మిగతాదంతా వాటి నుంచే కొలిచారు. తరువాత రిపోర్టు మీద వచ్చిన అభ్యంతరాలన్నీ ఈ ఒక్క పేరా ముందు తేలిపోయాయి. కొలతకు ఆధారం ఏమిటో రాయని కమిషనర్ రిపోర్టు క్రాస్ ఎగ్జామినేషన్లో నిలబడదు.

నేల మీద తేలినది ఎకరం ఎనభై ఒక్క సెంట్లే. దస్తావేజుకు అయిదు సెంట్లు తక్కువ. పాత దస్తావేజుల్లో ఇది మామూలే. ఆ అయిదు సెంట్లు బోదె కింద పోయాయా, తూర్పు పొరుగువాళ్లలో కలిశాయా అని తవ్వుతూ పోతే పొరుగువాళ్లంతా కేసులోకి వస్తారు. ఇదంతా వివరించి ఆమెనే నిర్ణయించమన్నాను. "ఉన్నదాన్ని ఇప్పించండి బాబూ. ఆ అయిదు సెంట్ల కోసం పిల్లలు కూడా కోర్టు చుట్టూ తిరగాలా?" అన్నారు. కమిషనర్ ప్లానులో ఎర్ర సిరాతో చూపిన భాగం వరకే డెలివరీ కోరుతున్నామని మెమో వేశాం. ఆ మెమోతో జేడీఆర్ అభ్యంతరాల్లో సగం అర్థం లేనివైపోయాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దీనికి ఇంకో చిక్కు తోడైంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అంతకుముందు వేసి పెండింగులో ఉన్న దావాల్లో షెడ్యూలు పాత నంబరుతోనే ఉంటుంది. డిక్రీ రాకముందే, పాత నంబరు ఏ ఎల్‌పీఎం నంబరుకు సరిపోతుందో చూపే రికార్డు తెచ్చి, షెడ్యూలు సవరణకు పిటిషను వేసుకోవాలి. స్వాధీనపు డిక్రీ ఇచ్చే ముందే ఆస్తి వర్ణన స్పష్టంగా ఉందో లేదో, అందులో ఎవరున్నారో చూసుకోమని రాహుల్ షా తీర్పు ట్రయల్ కోర్టులకు చెప్పింది. ఆ భాగాన్ని ట్రయల్‌లోనే వాడుకునేవాళ్లు తక్కువ. అందరం ఆరు నెలల గడువు దగ్గరే ఆగిపోతున్నాం.

షెడ్డు, బావమరిది, కూతురు

ప్లానుతో కొత్త వారంటు తీసుకుని ఆమీను వెళ్లేసరికి ఆ పొలంలో ఒక మూల రేకుల షెడ్డు, దానికి కరెంటు మీటరు, లోపల మోటారు. నలభై సెంట్లు తాను కొన్నానని జేడీఆర్ బావమరిది రిజిస్టరు దస్తావేజు చూపించి అడ్డం నిలబడ్డాడు. ఆమీను అబ్‌స్ట్రక్షన్ రిపోర్టు రాసి తిరిగొచ్చారు.

ఇక్కడ ఒక తేదీ గుర్తుంచుకోవాలి. అడ్డగించిన రోజు నుంచి 30 రోజుల్లో ఆర్డర్ 21 రూల్ 97 కింద పిటిషను వేయాలి. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 129 అది. ఆమీను రిపోర్టు కోర్టు బల్ల మీదికి రావడానికే రెండు మూడు వారాలు పట్టవచ్చు. వాయిదా కోసం ఎదురుచూడకుండా, ఆమీను తిరిగొచ్చిన వారంలోనే ఇ.ఎ. వేశాం.

బావమరిది దస్తావేజు తేదీ చూస్తే, అప్పటికి మొదటి అప్పీలు నడుస్తోంది. దావా పెండింగులో ఉండగా కొన్నవాడు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం తీర్పుకు కట్టుబడి ఉంటాడు. అలాంటివాడికి రూల్ 98, 100 కింద దొరికే రక్షణ వర్తించదని రూల్ 102 చెబుతోంది. ఉషా సిన్హా కేసు దీని మీదే. దావా సంగతి తెలియక కొన్నానన్న మాట పనికిరాదు. పాపం, మామూలు కొనుగోలుదారులు మాత్రం నిజంగానే మోసపోతారు, ఎందుకంటే దావా పెండింగులో ఉందన్న సంగతి మన దగ్గర ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) సాధారణంగా కనిపించదు. ఇక్కడ కొన్నది బావమరిది కాబట్టి ఆ ప్రశ్న రాలేదు.

అతను సాక్ష్యం చెప్పుకునే అవకాశం కావాలని పట్టుబట్టాడు. సాక్షులు, క్రాస్, వాదనలు అంటే ఇంకో దావా నడిచినట్టే. ప్రతి అడ్డంకికీ పూర్తి విచారణ అక్కర్లేదని, ఒప్పుకున్న వాస్తవాల మీదే తేల్చవచ్చని సిల్వర్‌లైన్ ఫోరమ్ కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. దస్తావేజు తేదీ, అప్పీలు తేదీ రెండూ ఒప్పుకున్నవే. ఆ రెండు తేదీల మీదే ఆర్డరు వచ్చింది.

అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. జేడీఆర్ చిన్న కూతురు అదే ప్రాంగణంలోని మరో కోర్టులో, తాను కోపార్సెనర్‌ననీ (ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వాటా ఉన్నదాన్ననీ), ఈ వృద్ధురాలు తన స్వాధీనానికి అడ్డు రాకుండా చూడమనీ ఇంజంక్షన్ దావా వేసింది. ఇ.పి. గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎక్స్‌పార్టీగా (మా మాట వినకుండానే) తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చేసింది. ఒక గదిలో స్వాధీనం ఇవ్వమనే వారంటు, నాలుగు గదుల అవతల స్వాధీనం జోలికి వెళ్లవద్దనే ఆర్డరు. రెండూ ఒకే భూమి మీద.

ఇలాంటి ఘట్టంలో చాలా ఇ.పి.లు ఏళ్ల తరబడి నిద్రపోతాయి. ఇంజంక్షన్ ఉంది కదా అని ఎగ్జిక్యూషన్ కోర్టు వాయిదా వేస్తుంది. ఇంజంక్షన్ కోర్టు తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. మేము రెండు వైపులా ఒకే వారంలో కదిలాం. ఆ కోర్టులో ఆర్డర్ 39 రూల్ 4 కింద ఇంజంక్షన్ ఎత్తివేయమనీ, దావాను రిజెక్ట్ చేయమనీ పిటిషన్లు వేసి, డిక్రీ, ఇ.పి. డాకెట్, ఆమీను రిపోర్టు కాపీలు పెట్టాం. డిక్రీ అమల్లో తలెత్తే హక్కు, స్వాధీనం ప్రశ్నలన్నీ ఎగ్జిక్యూషన్ కోర్టే తేల్చాలి, వేరే దావా కుదరదు అని రూల్ 101 చెబుతోంది. 1976 సవరణ తెచ్చిన మార్పు ఇది. అంతకుముందు ఇలాంటి ఆర్డరు మీద ఓడినవాడు మళ్లీ దావా వేసి మొదటికి రావచ్చు. ఈ మార్పు వచ్చి ఇన్నేళ్లయినా కొత్త దావాలు నంబరు అవుతూనే ఉన్నాయి. దావా నంబరు చేసే దశలోనే, ఈ ఆస్తి మీద ఇ.పి. ఏదైనా ఉందా అని వాదితో ప్రమాణం చేయిస్తే సగం ఆగిపోతాయని నా గట్టి నమ్మకం.

ఆ కూతురు కూడా తన క్లెయిమును రూల్ 97 కింద ఇక్కడే చెప్పుకోవచ్చు. మూడో వ్యక్తిని ముందు బయటికి గెంటాకే వినాలనేమీ లేదని శ్రీనాథ్ కేసు తరువాత వివాదం లేదు. చివరికి ఆమె ఇక్కడికే వచ్చింది. తండ్రి ఉమ్మడి కుటుంబం వాదన పెట్టి మూడు అంచెల్లో ప్రయత్నించిన విషయమే ఆమెదీ. ఆయన ద్వారా తప్ప ఆమెకు వేరే హక్కు కాగితం లేదు. బావమరిది పిటిషనుతో కలిపి ఒకే ఆర్డరులో కొట్టేశారు. ఇంజంక్షన్ కూడా ఎత్తేశారు.

మే నెల

డెల్టాలో దాళ్వా కోతలు ఏప్రిల్ నాటికి అయిపోతాయి. సార్వా నాట్లు కాలువ నీళ్లు వచ్చాక, జూన్ ఆఖరు, జూలైలో. మధ్యలో పొలం ఖాళీగా ఉంటుంది. డెలివరీ తీసుకోవడానికి అంతకు మించిన కాలం లేదు. సరిగ్గా అప్పుడే మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. జూన్‌లో కోర్టు తెరిచి, వారంటు రాసి, పోలీసు సాయం ఉత్తర్వు పోలీస్ స్టేషన్‌కు చేరేసరికి ఆకుమడి పోసేసి ఉంటారు. పంట ఉందని రిపోర్టు వస్తుంది. మళ్లీ నవంబరు దాకా ఆగాలి. అప్పుడు దాళ్వా నారు. ఇలా ఏడాదికి ఏడాది జారిపోయిన ఇ.పి.లు ప్రతి వ్యవసాయ తాలూకాలో ఉన్నాయి. కోర్టు క్యాలెండరు పక్కన పంట క్యాలెండరు పెట్టుకోని వకీలు స్వాధీనపు ఇ.పి. నడపలేడు.

అందుకే జనవరిలోనే మూడు ఇ.ఎ.లు కలిపి వేశాం: పోలీసు సాయానికి, షెడ్డు తాళం పగలగొట్టేందుకు, సర్వేయరు ఆమీను వెంట ఉండేందుకు. ఒకదాని తరువాత ఒకటి వేస్తే ఒక్కోదానికి కౌంటరు, వాదన, ఆర్డరు అంటూ మూడు నెలలు. స్టేషన్‌కు వెళ్లే ఉత్తర్వులో తేదీ ఖాళీగా ఉంటే బందోబస్తు కుదరదని తిరిగి రాస్తారు. ఏప్రిల్ మూడో వారంలో రెండు తేదీలు సూచిస్తూ ఉత్తర్వు ఇవ్వమని కోరితే కోర్టు ఇచ్చింది. మొదటి తేదీన స్టేషన్ సిబ్బంది వేరే బందోబస్తులో ఉన్నారు, రెండో తేదీన వచ్చారు.

డెలివరీ

ఆమీను, మండల సర్వేయరు, వీఆర్వో, ఇద్దరు కానిస్టేబుళ్లు, తప్పెట వాయించే మనిషి, రాళ్లతో ట్రాక్టరు. ఉదయం ఎండ ముదరకముందే పొలానికి చేరాం. ఆమీను గట్టు మీద నిలబడి వారంటు చదివి, తప్పెట వేయించి, రసీదు మీద సంతకం పెట్టమన్నారు. అలా అయితే కాగితం మీద స్వాధీనం వచ్చినట్టు, షెడ్డులో బావమరిది సామాను ఉన్నట్టే. సింబాలిక్ డెలివరీ చాలే సందర్భాలు కోడ్‌లోనే వేరే చెప్పారు, ఇది అందులోది కాదు. రూల్ 35 ప్రకారం డిక్రీకి కట్టుబడ్డ వ్యక్తిని తొలగించి మరీ ఇవ్వాలి. ఈ మాట ఆమీనుతో గట్టిగా, మర్యాదగా చెప్పాను. ఆయన కాదనలేదు. షెడ్డు ముందు నిలబడి హెచ్చరిక చదివి, కాసేపు ఆగి, తాళం పగలగొట్టించారు. మోటారు, రెండు స్ప్రేయర్లు, యూరియా బస్తాలు, నులకమంచం: ఒక్కొక్కటి రాసి, ఫోటో తీసి, వీఆర్వో సమక్షంలో వాళ్లకే అప్పగించారు. సర్వేయరు కమిషనర్ ప్లాను పట్టుకుని నాలుగు మూలలా రాళ్లు పాతించారు. ప్రతి రాయి పక్కన ఆమీను నిలబడి ఫోటో దిగేలా చూశాం. రిపోర్టులో రాళ్ల మధ్య దూరాలు మీటర్లలో రాయించాం.

రాళ్లు పాతడం అవుతుండగానే డిక్రీదారు కొడుకు ట్రాక్టరుతో దున్నడం మొదలుపెట్టాడు. ఇది మేము ముందే అనుకున్నది. డెలివరీ నమోదయి ఇ.పి. ముగిశాక అవతలివాళ్లు మళ్లీ చొరబడితే, అదే ఇ.పి.లో మళ్లీ వారంటు దొరకదు. కొత్త దావా వేయాలి, లేదా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద అక్రమ ప్రవేశం ఫిర్యాదు ఇవ్వాలి. రెండిటికీ మన స్వాధీనం కనబడాలి. స్వాధీనం తీసుకుని పొలాన్ని బీడుగా వదిలేసిన ఇంటివాళ్లే మళ్లీ కోర్టుకు వస్తుంటారు. వారం తిరక్కముందే జేడీఆర్ మనుషులు రాత్రిపూట ఒక రాయి పీకేశారు. దూరాలు రిపోర్టులో ఉన్నాయి గనక సర్వేయరును మళ్లీ పిలవకుండానే, ఫిర్యాదు ఇచ్చి, పోలీసుల ఎదుట అదే చోట పాతించాం. ఆ తరువాత ఎవరూ రాలేదు.

డిక్రీ, డెలివరీ రిపోర్టు, కమిషనర్ ప్లాను సర్టిఫైడ్ కాపీలతో 1బీ (భూమి హక్కుల రికార్డు), అడంగల్ మార్పుకు తహశీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. ఈ పని వెంటనే చేయకపోతే, పాత పేరు మీద అడంగల్ చూపించి బ్యాంకులో పంట రుణం తీసుకునే ప్రమాదం ఉంది.

ఇ.పి. వేసిన రోజు నుంచి డెలివరీకి నాలుగేళ్ల పైన పట్టింది. ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు ఆదేశించిన దేశంలోనే.

ఫలసాయం లెక్క

ఆలస్యం ఎందుకు ఇంత లాభసాటిగా ఉందో తెలియాలంటే ఆర్డర్ 20 రూల్ 12 చదవాలి. దావా తరువాతి కాలపు ఫలసాయాన్ని స్వాధీనం ఇచ్చేదాకా గానీ, డిక్రీ తేదీ నుంచి మూడేళ్ల దాకా గానీ, ఏది ముందైతే అంతవరకే ఈ కేసులోనే తేల్చవచ్చు. అప్పీలు డిక్రీ తేదీ నుంచి లెక్కపెట్టుకున్నా మూడేళ్లే. ఆపైన ఎన్నేళ్లు సాగదీసినా, ఆ ఫలసాయం కోసం బాధితురాలే మళ్లీ కోర్టు ఫీజు కట్టి కొత్త దావా వేయాలి. ఆ దావాకు కూడా వెనక్కి మూడేళ్లే లిమిటేషన్. అంటే అమలును ఎంత ఆలస్యం చేస్తే, లెక్కచెప్పక్కర్లేని పంటలు అన్ని. ఎకరానికి ఏటా వచ్చే కౌలు ధాన్యం ధర ముందు వకీళ్ల ఫీజులు, సీఆర్పీ ఖర్చులు చిన్నవి. ఎదుటివాళ్ల మొండితనమని మనం అనుకునేదానిలో ఎక్కువ భాగం ఈ లెక్కే. మూడేళ్ల పరిమితి తీసేసి, స్వాధీనం ఇచ్చేదాకా ఇదే కోర్టు తేల్చేలా రూల్ మారిస్తే, ఆరు నెలల ఆదేశాలు పదిసార్లు ఇచ్చినదానికన్నా ఎక్కువ ఇ.పి.లు కదులుతాయని నేను అనుకుంటున్నాను.

మా కేసులో మూడేళ్ల ఫలసాయం పిటిషను అదే కోర్టులో విచారణలో ఉంది. ఆ ఏళ్లలో చుట్టుపక్కల పొలాల దిగుబడి, కౌలు ఎంత నడిచిందో తేల్చడానికి కమిషనర్‌ను వేశారు. పొరుగు రైతులు ఇద్దరు సాక్ష్యం చెప్పారు. మిగిలిన ఏళ్లకు కొత్త దావా వేశాం. రూల్ 103 కింద బావమరిది ఆర్డరు మీద అప్పీలు వేశాడు, స్టే లేదు. ఆమె కొడుకు ఈ సార్వాకు నారు పోశాడు.